ప్రతి చిరునామాలోనూ పాంతెలే

జూన్ 3, మంగళవారం

ఈ నోటుపుస్తకం ఈ రోజు మొదలుపెట్టాను. పాతదానిలో ఇంకా పదకొండు పేజీలు ఖాళీగానే ఉన్నాయి. కానీ అందులో పోయిన ఏడాది జూలై 19 ఉంది. దాని పక్కన వేరే సంగతులు రాయబుద్ధి కాలేదు.

విషయం. విహ్రా ఉదయం తొమ్మిదీ పదికి, ముఖమైనా కడుక్కోకుండా, వంటగదిలోకి వచ్చింది.

"అమ్మమ్మా, ఆ జాలీ గుర్తు తీసేస్తున్నా. చూడ్డానికి దరిద్రంగా ఉంది."

పఠన మందిరం వాళ్ళ వెబ్‌సైట్ చిరునామాల మధ్యలో కూర్చునే గుర్తు అది. నిలువుగా రెండు గీతలు, అడ్డంగా రెండు. ఊళ్ళో పోయినవాళ్ళకు ఒక్కొక్కరికి ఒక్కో పేజీ, జానపద నృత్యాల వేళలు, గ్రంథాలయం పట్టిక, అన్నీ ఆ సైట్‌లోనే. చదువయ్యాక నా మనవరాలు చేసిన మొదటి పని అదే. మా ఆయన పాంతెలే ఆర్నెల్ల సంస్మరణ కాగితాలు స్తంభాల మీద, తలుపుల మీద అంటించినప్పుడు కింద ఆ చిరునామా అచ్చయింది, జాలీతో సహా. అది చూసి, నాతో చదువుకున్న ట్రెండఫిల్కా, "ఏమే దోకా, పోయాక కూడా మొగుణ్ణి ఊచల వెనకే ఉంచావా?" అంది. నలుగురిలో అంది.

ఆ గుర్తు ఎందుకు పెట్టావని విహ్రాను అడిగాను.

"దాని తర్వాత ఉన్నదేదీ సర్వర్ దాకా వెళ్ళదు. సగం చిరునామాయే అక్కడ చదువుతారు. మిగతాది ఇక్కడ మన దగ్గరే చూసుకుంటాం. అప్పట్లో అది సులువని పెట్టా."

సగం చిరునామా చదివి సంచిలో వేసుకుపోయే పోస్ట్‌మాన్‌ను నేను ఒక్క పూట కూడా ఉంచేదాన్ని కాదు. ముప్పై నాలుగేళ్ళు ఈ ఊరి పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే గదికి పెద్దను నేను. తీసెయ్యమన్నాను.

జూన్ 4

తీసేసింది. ఊరి పేరు, ఒక ఏటవాలు గీత, పాంతెలే పేరు. అంతే. శుభ్రంగా ఉంది.

జూన్ 5, గురువారం

శుభ్రంగా ఉంది కానీ తెరుచుకోవడం లేదు. మొదటి పేజీ నుంచి వేలితో నొక్కుతూ వెళితే వస్తుంది. చిరునామా నేరుగా కొడితే ఇంగ్లీషులో "దొరకలేదు" అని వస్తుంది. వచ్చిన పేజీనే మళ్ళీ తెరవమన్నా అంతే. ఇంట్లోకి పిలిచి, కుర్చీ వేసి, ఒకసారి లేచి కూర్చోమని, ఆ తర్వాత నువ్వెవరని అడిగినట్టుంది.

విహ్రా గోళ్ళు కొరుక్కుంటూ చెప్పింది: "అక్కడ నిజంగా అన్ని గదులు లేవమ్మమ్మా. ఒకటే గది. తెరలు మార్చి పది గదులని చూపిస్తున్నాం. పాంతెలే అని గది కావాలని ఎవరైనా గుమ్మంలో అడిగితే, సర్వర్ వెతుక్కుని లేదంటోంది."

"లేని గదులకు నంబర్లెందుకు ఇచ్చావు?"

"అందరూ అలాగే ఇస్తారు!"

అందరూ అన్న మాట ఈ ఇంట్లో జవాబు కాదని గుర్తుచేశాను. సాయంత్రం నాలుగింటికి సరిచేసింది. ఏ చిరునామా అడిగినా సరే, వాదించకుండా ఆ ఒక్క గదిలోకే పంపమని సర్వర్‌కు చెప్పిందట. ఎవరికి ఏ తెర వెయ్యాలో లోపల తేల్చుకుంటారట.

జూన్ 6

పనిచేస్తోంది.

జూన్ 9, సోమవారం

అచ్చు దుకాణం స్పాస్ ఏడాది కాగితం నమూనా పట్టుకొచ్చాడు. పాంతెలే ఫోటో, తేదీలు, కింద మూడు లైన్ల నిండా శాతం గుర్తులు, సున్నాలు, తొమ్మిదులు. మన అక్షరాల్లో ఉన్న చిరునామాను ఎత్తి ఇంకోచోట దించితే కంప్యూటర్ దాన్ని అలా మారుస్తుందట. స్పాస్‌కు అనుమానం రాలేదు. అలాగే అచ్చు వేశాడు.

"అత్తా, ఈ శాతాలన్నీ మావయ్యవేనా?" అన్నాడు, ఎంతో వినయంగా.

వెనక్కి పంపాను. విహ్రా చిరునామాను లాటిన్ అక్షరాల్లోకి మార్చింది. అరవై కాగితాలు, జూలై 10 లోపల. జూలై 19 ఉదయం పదింటికి సమాధి దగ్గర ప్రార్థన. ఆ కాగితం మీది చిరునామా ఆ రోజు తెరుచుకోవాలి, తెరిస్తే ఆయన కనిపించాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు.

జూన్ 11, బుధవారం. వాన.

పదకొండింటికి ట్రెండఫిల్కా ఫోన్. హలో కూడా లేదు.

"నా మొగుడింట్లో నీ మొగుడేం చేస్తున్నాడే?"

ఆమె భర్త మెతోది పోయి ఆరేళ్ళయింది. మెతోది చిరునామా కొడితే పాంతెలే వచ్చాడట. గోధుమరంగు కోటు, పక్క పన్ను కనబడేలా నవ్వు. ఆమె చెప్పిన చిరునామాను అక్షరం అక్షరం రాసుకుని చూశాను. ఒక అక్షరం ఎక్కువ పడింది. సరిగ్గా కొడితే మెతోదియే వస్తున్నాడు. తప్పు కొడితే పాంతెలే.

నృత్యాల చిరునామా ఒక అక్షరం తగ్గించి కొట్టాను. పాంతెలే. గ్రంథాలయం చివర ఒక అంకె పెట్టి కొట్టాను. పాంతెలే. ఉడికించిన చిక్కుళ్ళు అని కొట్టాను. పాంతెలే, అదే నవ్వు.

విహ్రాను లేపాను. రెండు కళ్ళలో ఒకటే తెరిచి చెప్పింది: "అయ్యో. తెలియని పేరొస్తే ఏం చెయ్యాలో నేను లోపల రాయలేదు. ఏమీ తోచకపోతే అది జాబితాలో మొదటి పేరు తీసుకుంటుంది. మొదటిది తాతదే. అందరికంటే ముందు తాత పేజీయే చేశాగా, చెయ్యి కుదరడానికి. రేపు మార్చేస్తా, అరగంట పని."

ఇది చాలా పెద్ద తప్పు. 1987లో నేనే రాసిన ఉత్తరాల విభజన నిబంధనల్లో పద్నాలుగోది: చేరవలసినవారు దొరకని ఉత్తరాన్ని పంపినవారికి తిప్పి పంపవలెను, ఏ పరిస్థితిలోనూ మరొకరికి ఇవ్వరాదు.

జూన్ 12

విహ్రా సరిచెయ్యడానికి కూర్చుంది. ముందు తప్పు ఎంతదాకా పాకిందో తెలియాలని, పూర్తి తనిఖీ అయ్యేదాకా చెయ్యి పెట్టవద్దని చెప్పాను.

"అమ్మమ్మా, సరైన నూట ఎనభై తప్ప లోకంలో ఉన్నవన్నీ తప్పు చిరునామాలే. వాటికి అంతుంటుందా? ఏం కొలుస్తావ్?"

కొలవకుండా సరిచెయ్యడం నా పద్ధతి కాదు.

తనిఖీ చేసినవి 26. పాంతెలే వచ్చినవి 26.

జూన్ 13

తనిఖీ 31. పాంతెలే 31.

ఒక కొత్త విషయం. చిరునామాలో ఒక గీతకు బదులు రెండు గీతలు పెడితే ఫోటో రాదు, రంగులు రావు, అక్షరాలు మాత్రం ఒక మూల పోగుపడి ఉంటాయి. విహ్రా నవ్వింది. "రెండు గుమ్మాలు దాటితే తాతకి తన బట్టలు ఎక్కడున్నాయో తెలీదమ్మమ్మా. దారి తప్పుగా రాశా." అది వెంటనే దిద్దింది. దానికి మాత్రం నేను అడ్డు చెప్పలేదు. మర్యాద ఉండాలి.

జూన్ 16

తనిఖీ 40. ఉదయం కాఫీతోపాటు చేస్తున్నాను. తనిఖీ కోసమే.

జూన్ 17

తనిఖీ 44.

జూన్ 19, గురువారం

ప్రతి పేజీ కిందా ఒక మీట ఉంది: కొవ్వొత్తి వెలిగించండి. నొక్కితే లెక్క ఒకటి పెరుగుతుంది. మెతోదికి ఇప్పటిదాకా పదకొండు. పాంతెలేకు ఈ ఉదయానికి రెండువేల మూడువందల పద్నాలుగు.

కారణం కనుక్కున్నాను. నృత్యాల కరపత్రం మీద స్పాస్ చిరునామా తప్పు కొట్టాడు. వేళలు తెలుసుకోవాలని తెరిచినవాళ్ళకు పాంతెలే వచ్చాడు, కింద ఒకే ఒక్క మీట వచ్చింది. పేరు నమోదు చేసుకునేది అదేననుకుని, నమోదైనట్టు ఏమీ రాకపోయేసరికి మళ్ళీ మళ్ళీ నొక్కారు. సాయంత్రం ఆరింటికి పఠన మందిరంలో డెబ్బై మంది చేరారు. నృత్యం నేర్పే మాస్టారు భయపడి వెనక తలుపులోంచి వెళ్ళిపోయాడు.

ఒకావిడ నన్ను ఆపి అడిగింది: "మీ ఆయన ఏ వరుసలో ఆడతారమ్మా? ముందు వరుసైతే నేను ఆయన పక్కన నిలబడతా."

పాంతెలే జీవితంలో ఒక్కసారి కూడా అడుగు కలిపి ఆడింది లేదు.

జూన్ 24

తనిఖీ 52.

ఊళ్ళో మాట బయల్దేరింది. ఎవరో ఒకామె తప్పిపోయిన పిల్లి పేరు కొట్టిందట. పాంతెలే వచ్చాడట. కొవ్వొత్తి వెలిగించిందట. సాయంత్రానికి పిల్లి వచ్చిందట. ఇక చూడు. కళ్ళజోడు పోయినవాళ్ళు, తాళంచెవి పోయినవాళ్ళు, పరీక్ష పోతుందని భయపడేవాళ్ళు, అందరూ పోయినదాని పేరు కొట్టి కొవ్వొత్తి వెలిగిస్తున్నారు. పాంతెలే అనే సాధువు బాటసారుల సాధువు కదా, దారి తప్పినవాళ్ళు ఆ పేరుగల మనిషి దగ్గరికి చేరడంలో వింతేముందని రొట్టెల దుకాణంలో ఒకడు నాకే వివరించాడు.

ఫాదర్ నికనోర్ ఇంటికొచ్చాడు. కాఫీ తాగాడు, చెర్రీల మురబ్బా తిన్నాడు, తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"దోకమ్మా, పాంతెలే మంచివాడు. నా రేడియో మూడుసార్లు బాగుచేశాడు. కానీ చర్చి ఆయన్ని సాధువుగా ప్రకటించలేదు."

"నేను కూడా ప్రకటించలేదు ఫాదర్."

"మరి నిన్న నా కళ్ళజోడు..." అని ఆగిపోయాడు. దొరికిందా అని అడిగాను. దొరికిందన్నాడు. తల వంచుకుని వెళ్ళిపోయాడు.

జూన్ 27, శుక్రవారం

పఠన మందిరం పాలకవర్గ సమావేశం. అధ్యక్షురాలు ట్రెండఫిల్కా. నన్నూ విహ్రానూ పిలిచారు. కుర్చీలు వెయ్యలేదు. మేమే తెచ్చుకుని వేసుకున్నాం.

"బతికుండగా ఆ సాధువు రోజున, ఆయన పేరు పండుగకు, మీ ఇంటికి పదకొండు మంది వచ్చింది లేదు," అంది ట్రెండఫిల్కా. "ఇప్పుడు నాలుగువేల కొవ్వొత్తులు! నా మెతోదికి పదకొండు. ఏమిటీ అన్యాయం?"

"మెతోది కొవ్వొత్తులు మెతోదివే," అన్నాను. "అవైనా నిజమైనవి."

"ఒసేయ్ దోకా, మనిద్దరం ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నాం. నా ఉత్తరం ఒకటి పొరపాటున పక్కింటికి పోయిందని ఆ పోస్ట్‌మాన్ జీతం ఆపించినదానివి. ఇప్పుడు ఊరందరి ఉత్తరాలూ నీ ఇంటికొస్తుంటే తలుపు తీసి కూర్చున్నావే?"

తనిఖీ ఇంకా పూర్తి కాలేదని మాత్రం చెప్పాను.

తీర్మానం: జూలై 19 లోపల పాంతెలేను ఒక్క చిరునామాలోనే ఉంచాలి. లేదంటే ఆ పేజీ పూర్తిగా తీసేస్తారు. విహ్రాకు ఇచ్చిన పని కూడా వెనక్కి తీసుకుంటారు.

దారిలో విహ్రా అంది: "అరగంట పని అమ్మమ్మా. పదిహేను రోజుల క్రితమే అయిపోయేది."

జూన్ 28

తనిఖీ 60.

జూలై 2, బుధవారం

విహ్రా కంప్యూటర్ తెచ్చి నా ఎదురుగా పెట్టింది. ఏ చిరునామా ఎవరు ఎప్పుడు అడిగారో, సర్వర్ ఒక పొడుగాటి పట్టిక రాసుకుంటుందట. తేదీ, గంట, నిమిషం, క్షణం.

"చూడు, అచ్చం నీలాగే రాసుకుంటుంది. ఇది మన ఇల్లు. జూన్ పదకొండు నుంచి వెయ్యిన్నూట అరవై సార్లు."

"తనిఖీ."

"సోమవారం పొద్దున ఏడింటికి, కాఫీ చల్లారిపోతోంది అని కొట్టావు. ఏడూ ఒకటికి, చొక్కా మీద మళ్ళీ గ్రీజు. ఏడూ రెండుకి, టోపీ పెట్టుకోలేదా. ఇవి చిరునామాలా అమ్మమ్మా?"

తప్పు చిరునామా ఏదైనా తప్పు చిరునామాయేనని, తనిఖీలో రకరకాలు ఉండాలని చెప్పాను. విహ్రా కంప్యూటర్ మూసింది. కాసేపు నా భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. తర్వాత మిరపకాయలు కాల్చడానికి వెళ్ళింది. రెండు మాడ్చింది.

జూలై 3

రాయడానికేమీ లేదు.

జూలై 10

స్పాస్ అరవై కాగితాలూ తెచ్చాడు. శాతాలు లేవు. జాలీ లేదు. అరవైలోనూ చిరునామా ఒక్కొక్కటీ చదివాను. తప్పు లేదు. మా తలుపు మీద, పోస్టాఫీసు మీద, బస్సు స్టేషన్ మీద అంటించమని చెప్పాను. బస్సు స్టేషన్‌కు నేను వెళ్ళలేదు.

తనిఖీ 38.

జూలై 14

"ఈ వారం చెయ్యాలి," అంది విహ్రా. గురువారం దాకా ఆగమన్నాను. ఎందుకని అడగలేదు.

జూలై 17, గురువారం. ఉదయం.

ఈ రోజు తనిఖీ వేరే రకం. పాత పుస్తకం తెరిచాను.

పోయిన ఏడాది జూలై 19 సాయంత్రం ఏడింటికి బియ్యం కూరిన మిరపకాయలు వడ్డించాను. ఆయన రాలేదు. కొత్త కాదు. టెలిఫోన్ తీగలు బాగుచేసే ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఏ స్తంభం ఎక్కి ఉండేవాడో తెలిసేది కాదు. రిటైరయ్యాక ఊరివాళ్ళ రేడియోలు, టీవీలు. ఎవరు పిలిచినా కాదనడు. నలభై ఆరేళ్ళు నేను ఎక్కడికి ఫోన్ చేసినా ఒకటే జవాబు.

ఏడూ ఐదు నుంచి ఎనిమిదిన్నర దాకా పదకొండు ఇళ్ళకు ఫోన్ చేశాను. అన్నీ రాసి ఉన్నాయి.

దిమోవ్ గారిల్లు. ఇప్పుడే వెళ్ళాడు.
రొట్టెల దుకాణం. ఇప్పుడే వెళ్ళాడు.
బడి కాపలాదారు. ఇప్పుడే వెళ్ళాడమ్మా.
స్పాస్ దుకాణం. ఇప్పుడే వెళ్ళాడత్తా.

అలా పది. పదకొండోది ట్రెండఫిల్కా. "ఇప్పుడే వెళ్ళాడే దోకా. నా టీవీ బాగుచేసి, నీళ్ళు కూడా తాగకుండా."

పన్నెండో నంబరు కూడా నా దగ్గర ఉంది. బస్సు స్టేషన్. చెయ్యలేదు. అక్కడ బస్సెక్కేవాళ్ళు తప్ప ఎవరుంటారని. ప్రకటనలు చెప్పే స్పీకరు గరగరమంటోందని ఎవరో చెప్పారట, చూడ్డానికి వెళ్ళాడు. మూడో బల్ల. చేతిలో స్క్రూడ్రైవర్. టికెట్లు అమ్మే ఆమె, నిద్రపోతున్నాడనుకుందట.

ఈ ఊళ్ళో ప్రతి ఇంటి చిరునామా నాకు తెలుసు.

ఈ ఉదయం ఆ వరుసలోనే కొట్టాను.

దిమోవ్ గారిల్లు. ఉన్నాడు.
రొట్టెల దుకాణం. ఉన్నాడు.
బడి కాపలాదారు. ఉన్నాడు.
స్పాస్ దుకాణం. ఉన్నాడు.

పదకొండు ఇళ్ళు. పదకొండింటిలోనూ ఉన్నాడు.

బస్సు స్టేషన్. ఉన్నాడు. గోధుమరంగు కోటు, నవ్వు. జూలైలో ఆ కోటేమిటని ఫోటో తీసిన రోజున కూడా అడిగాను.

తనిఖీ 12. తనిఖీ పూర్తయింది.

జూలై 18, శుక్రవారం

విహ్రాతో సరిచెయ్యమన్నాను. చేసింది. సాయంత్రం ఐదింటికి అయిపోయిందని వచ్చి చెప్పింది. నేను తెరిచి చూడలేదు. రేపు సమాధి దగ్గర పంచడానికి గోధుమలు ఉడకబెట్టాలి, చక్కెర కలపాలి, అక్రోట్లు దంచాలి. రొట్టెలు పద్నాలుగు.

జూలై 19, శనివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పదింటికి సమాధి దగ్గర పద్నాలుగు మందిమి. శిలువకు కొత్త కాగితం కట్టాం. ఫాదర్ నికనోర్ ధూపం వెలిగించాడు. స్పాస్, తన అచ్చు ఎలా ఉందో చూపించుకోవాలనేమో, అందరికంటే ముందు ఫోన్ తీసి ఆ చిరునామా కొట్టాడు. ఇంగ్లీషులో తెల్లటి పేజీ: దొరకలేదు.

ట్రెండఫిల్కా కొట్టింది. దొరకలేదు.

"చూశారా," అంది. "మొన్నటిదాకా అందరి ఇళ్ళల్లోనూ ఉన్నాడు. ఇవాళ తన ఇంట్లోనే లేడు."

విహ్రా ముఖం సున్నంలా అయింది. ఏం చేశావని అడిగాను.

"నువ్వే కదా అన్నావు, తప్పు ఉత్తరాలు లోపలికి రానివ్వకూడదని! ఏదొచ్చినా లోపలికి పంపమని సర్వర్‌కి చెప్పిన మాట తీసేశా. మొదటి పేజీ నుంచి నొక్కుతూ వెళ్ళి చూశా, బాగానే ఉంది. నేరుగా కొట్టి చూళ్ళేదమ్మమ్మా..."

"వీధి తలుపు మూసేశావు."

"మరెలా? తీస్తే అందరూ తాతే, మూస్తే తాతా లేడు!"

ఆ పిల్ల ఏడుపు మొహం చూసి ఫాదర్ ప్రార్థన ఆపబోయాడు. కానివ్వండి ఫాదర్ అన్నాను. విహ్రాతో నెమ్మదిగా చెప్పాను, కొత్తగా చేరిన గుమస్తాకు చెప్పినట్టు. పోస్టాఫీసు వీధి తలుపు దగ్గర నిలబడినవాడికి ఈ ఊళ్ళో ఎవరున్నారో ఎవరు లేరో ఏం తెలుసు? సంచి మొత్తం లోపలికి రావాలి. పేరు చదివి ఏ అరలో వెయ్యాలో చూసేది లోపలి గది. ఏ అరకూ చెందని ఉత్తరం మీద 'ఇక్కడ లేరు' అని ముద్ర కొట్టేది కూడా లోపలి గదే. నువ్వు మొదట తలుపు తీసి ఉంచావు, అది సరైనదే. లోపల ముద్ర చేయించలేదు. అదీ తప్పు.

విహ్రా నోరు తెరిచి నా వైపు చూసింది. "అంతే కదా," అంది. "అంతేగా! చివర ఒక్క మాట రాయాలి, అంతే!"

సంచిలోంచి కంప్యూటర్ తీసింది. పెట్టడానికి చోటు లేదు. పాంతెలే రాతి పలక మీద, గోధుమల పళ్ళెం పక్కకు జరిపి పెట్టింది. అక్కడ సిగ్నల్ అందలేదు. స్పాస్ తన ఫోన్ పట్టుకుని పక్కవాళ్ళ సమాధి ఇనుప కంచె ఎక్కి చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు. పాంతెలే స్తంభాల మీద అలాగే నిలబడేవాడు.

ఫాదర్ నికనోర్ నిత్యస్మరణ పాట ఎత్తుకున్నాడు. మూడుసార్లు పాడాలి. మూడూ అయ్యాయి. విహ్రా తల ఎత్తలేదు. నాలుగోసారి ఎత్తుకున్నాడు. ఐదు. ఆరోసారికి మిగతావాళ్ళు కూడా గొంతు కలిపారు, ఏం చెయ్యాలో తోచక.

"అత్తా, చెయ్యి లాగేస్తోంది," అన్నాడు స్పాస్ పైనుంచి.

"దించితే ఊరుకోను."

పదీ నలభై ఏడు. విహ్రా "ఇప్పుడు" అంది.

అందరూ కొట్టారు. పద్నాలుగు ఫోన్లలో, కాదు, పన్నెండు ఫోన్లలో, ఇద్దరి దగ్గర లేవు, పాంతెలే తన చిరునామాలో ఉన్నాడు. ఫాదర్ ఏడోసారి పాడలేదు.

ట్రెండఫిల్కా పక్కకు వెళ్ళి ఇంకేదో కొట్టుకుంటోంది. మెతోది పేరు, ఒక అక్షరం ఎక్కువ పెట్టి. ఖాళీ తెల్లటి పేజీ వచ్చింది. దానివైపు చాలాసేపు చూసింది.

"ఎవరూ రాలేదే," అంది.

"రాకూడదు. అదే సరైనది."

"తెలుసులేవే." గోధుమలు తింది. కాగితపు గిన్నె మడిచింది. "అలవాటైపోయింది," అంది.

జూలై 20, ఆదివారం

ఆ తెల్లటి పేజీని ఖాళీగా ఉంచకూడదట. తప్పు చిరునామాతో వచ్చినవాళ్ళకు ఏదో ఒకటి చెప్పాలట. కొందరు పిల్లిబొమ్మ పెడతారట, కొందరు జోకు వేస్తారట. ట్రెండఫిల్కా పాలకవర్గం తరఫున క్షమాపణ రాసి పంపింది, ఐదు వాక్యాలు, మూడింటిలో 'చింతిస్తున్నాము'. విహ్రా అది చదివి నా ముందు పెట్టి, "ముద్ర నువ్వే రాయి అమ్మమ్మా. నీ గది కదా," అంది.

రాసి ఇచ్చాను. చదివింది. పాత పుస్తకం ఆమె ఎప్పుడూ తెరవలేదు, తెరవనివ్వను. కానీ ఆ కాగితాన్ని రెండోసారి కూడా చదివింది.

"రెండు మాటలేనా?"

"టెలిగ్రాముకు చాలు."

మెతోది కొవ్వొత్తులు ఈ రోజుకు పన్నెండు. పన్నెండోది ఎవరు వెలిగించారో ఇక్కడ రాయను.

జూలై 21

తనిఖీ లేదు.

జూలై 22

లేదు.

జూలై 24, గురువారం

ఒకటి. చొక్కా మీద మళ్ళీ గ్రీజు.

"ఇప్పుడే వెళ్ళాడు."

పనిచేస్తోంది.

జూలై 27, ఆదివారం. సాధు పాంతెలే పండుగ.

ఇంటికి ఇరవై ముగ్గురు వచ్చారు. పిలవలేదు. కళ్ళజోళ్ళవాళ్ళు, తాళంచెవులవాళ్ళు, పిల్లితో సహా ఒకావిడ. రొట్టెలు చాలలేదు.

అందరూ వెళ్ళాక ట్రెండఫిల్కా ఫోన్.

"ఆ పేజీలో ఆ మాట రాసిందెవరు? నువ్వేనా?"

"నేనే."

"నీ మాట పాడుగాను! గురువారం మన నృత్యాలవాళ్ళు ఇద్దరు వేళలు చూద్దామని ఆ పాత కరపత్రం మీది చిరునామా కొట్టారు. ఇప్పుడే వెళ్ళాడు అని వచ్చింది. ఎవరు? బస్సులో వచ్చిపోయే మన మాస్టారేననుకున్నారు! దొరకబుచ్చుకుందామని ఆరింటికి బస్సు స్టేషన్‌కి పరిగెత్తారటే. బస్సూ లేదు, మాస్టారూ లేడు. ఎనిమిదిన్నర దాకా అక్కడే కూర్చున్నారట, ఇద్దరూ, పొద్దుతిరుగుడు గింజలు నములుతూ."

"ఏ బల్ల మీద?"

"ఏంటే?"

"స్టేషన్లో ఏ బల్ల మీద కూర్చున్నారు?"

"నాకేం తెలుసే? ఇదేం ప్రశ్న?"

"అడిగి చెప్పు."

ట్రెండఫిల్కా నాతోపాటు చదువుకుంది, మూర్ఖురాలు కాదు. ఫోన్ పెట్టేసింది. పది నిమిషాలకు మళ్ళీ మోగింది.

"మూడోది," అంది. ఈసారి కేక వెయ్యలేదు. "ఆ మాట మార్చమని తీర్మానం పెట్టనులే."

జూలై 24, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర. మూడో బల్ల. ఇద్దరు.

పాత పుస్తకంలో, జూలై 19 పేజీ కిందే చోటుంది. అక్కడ రాశాను.